బండితో పంపిన మనిషి

మా బాబాయి దొంగబండ్లు అమ్మేవాడు కాదు. ఈ మాట బతికినన్నాళ్ళూ ఆయన చెప్పాడు, ఆయన పోయాక నేను చెబుతున్నాను. ఆయన అమ్మినవి కాగితాలు లేని బండ్లు. రెంటికీ తేడా ఉంది. యజమాని పోయి, కొడుకులు కొట్టుకుంటూ, సి బుక్కు ఎవరి దగ్గరుందో తేలని జీపు ఒకటి ఉంటుంది. ఫైనాన్సు వాడి బీరువాలో సి బుక్కు పెట్టి, విడిపించుకోలేక, బండిని మాత్రం పెరట్లో దాచుకున్న కాంట్రాక్టరు ఒకడుంటాడు. ఇల్లు తగలబడిందనీ, చెదలు తినేసిందనీ చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో కొందరు నిజమే చెబుతారు. బండి ఎవరిదో చెప్పే ఆ పుస్తకం లేకపోతే బండి నడవదా అంటే నడుస్తుంది. పెద్ద రోడ్డు ఎక్కకూడదు, అంతే.

జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వెళ్ళే దారిలో మా బాబాయికి ఒక రేకుల షెడ్డు ఉండేది. కింద నాపరాళ్ళు పరిచి ఉండేవి. ఎండాకాలం ఆ రాళ్ళ మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. డెబ్భైల చివర్లో నందిగామ చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో మిరప బాగా పండింది. చేలో కోసిన కాయని కళ్ళానికి చేర్చడానికి ఎడ్లబండి చాలక రైతులు జీపు కోసం, పాత వ్యాను కోసం ఈ షెడ్డుకి వచ్చేవాళ్ళు. చేనుకీ కళ్ళానికీ మధ్య తిరిగే బండికి సి బుక్కు ఎవడు అడుగుతాడు? అలా ఆ బేరం సాగింది.

కొనేవాడికి ఒకటే భయం. రేపెవడో వచ్చి ఇది నా బండి అంటాడేమోనని. ఆ భయానికి బాబాయి లాంటివాళ్ళు కనిపెట్టిన మందు, బండితో పాటు ఒక మనిషిని పంపడం. అతన్ని బండి మనిషి అనేవాళ్ళు. ఏడాదిపాటు అతను కొన్నవాడి ఇంట్లోనే ఉంటాడు, అక్కడే తింటాడు, బండి నడుపుతాడు. ఏడాదిలో ఎవరూ వచ్చి అడగకపోతే బండి కొన్నవాడిది అయిపోతుంది, మనిషి ఇంటికి వస్తాడు. ఈలోగా పోలీసులు పట్టుకుంటే బండి నాదేనని చెప్పాల్సింది బండి మనిషి. కొన్న రైతు పేరు బయటికి రాకూడదు.

జీతగాణ్ణి పంపితే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. జీతగాడు పారిపోతే అమ్మినవాడికి పోయేదేముంది? సొంత ఇంటివాడు కావాలి. బాబాయికి అందరూ ఆడపిల్లలే. ఆ ఇంట్లో మగపిల్లవాణ్ణి నేనొక్కణ్ణే.

నాన్న పోయాక అమ్మా నేనూ బాబాయి ఇంట్లోనే ఉండేవాళ్ళం. అమ్మ ఆ ఇంటి వంట చేసేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. నేను బీకాం తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పినవాణ్ణి. డ్రైవింగు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఇరవై మూడేళ్ళ వయసులో నాకున్న పనికొచ్చే విద్య అదొక్కటే. కాబట్టి బాబాయి ఒకరోజు అన్నం తింటూ, "నందిగామ అవతల ఊరికి జీపు వెళ్తోంది. నువ్వెళ్ళు" అన్నప్పుడు నేను మజ్జిగ పోసుకుంటున్నాను, పోసుకుంటూనే తలూపాను. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏడాదా?" అంది అమ్మ.

"అదేవన్నా దుబాయా వదినా, గంట ప్రయాణం" అన్నాడు బాబాయి.

అమ్మకి అప్పటికే కళ్ళలో శుక్లాలు కమ్మేశాయి. మనిషిని గొంతుతోనూ, తాకిచూసీ పోల్చుకునేది. నేను బయల్దేరే రోజు నా చొక్కా చేతులు తడిమి, గుండీ ఊడిందని కనిపెట్టి, సూదిలో దారం నన్నే ఎక్కించమని, కుట్టి ఇచ్చింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మా ఇంట్లో ఏడుపు నాన్నతోనే అయిపోయిందని నేను అనుకునేవాణ్ణి.

డొంకదారిన వెళ్తూ బాబాయి నా పక్కన కూర్చుని పాఠం చెప్పాడు. "ఎవడడిగినా నాదే అను. ఎప్పుడు కొన్నావంటే గుర్తులేదను. కొన్న ఆసామి పేరు ఎత్తావా, మళ్ళీ నా గడప తొక్కకు." ఆ ఒక్క పాఠమే నాకు పూర్తిగా వచ్చింది. బీకాం పుస్తకాలు ఎవరైనా ఇంత చిన్నగా చెప్పి ఉంటే ఈపాటికి బ్యాంకులో ఉండేవాణ్ణి.

ఆసామి యాభై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా, మెడలో కండువాతో ఉండేవాడు. మిరపకాయల్లో పని చేసీ చేసీ ఆయన వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా, పగిలి ఉండేవి. మొదటిరోజే వరస కలిపేశాడు. "నన్ను మావయ్యా అనవోయ్. ఊళ్ళో ఎవరన్నా అడిగితే మా చెల్లెలి కొడుకువని చెప్తా" అన్నాడు. నేను మావయ్యగారూ అన్నాను. ఆయన అల్లుడూ అన్నాడు. ఆయన భార్య మాత్రం నేను తినేటప్పుడు కంచం ఖాళీ కానిచ్చేది కాదు. అది ప్రేమో, కాపలానో నాకు చాలాకాలం తెలియలేదు. నన్ను పడుకోబెట్టిన గది వాకిలికి ఎదురుగా ఆయన మంచం ఉండేది. అదీ అంతే.

పని కష్టమేమీ కాదు. తెల్లవారి కూలీలని చేలో దింపడం, సాయంత్రానికి కాయ కళ్ళానికి చేర్చడం. జీపు ఆకుపచ్చది. పై గుడ్డ చిరిగిపోయింది. వారానికోసారి మునేరు వాగులోకి దింపి కడిగేవాళ్ళం. అంతా కడిగేవాళ్ళం గానీ నంబరు పలక మీద ఎండిన మట్టిని ముట్టుకునేవాళ్ళం కాదు. అది రాలిపోతే మావయ్యగారే కాస్త తడిమట్టి తెచ్చి మెత్తేవాడు, బొట్టు పెట్టినంత శ్రద్ధగా.

మిరప ఘాటుకి మొదట్లో కళ్ళ వెంట నీళ్ళు కారేవి. తర్వాత అలవాటైంది. ఆ ఏడాది నాకు చాలా విషయాలు అలా అలవాటయ్యాయి.

వెళ్ళిన కొత్తల్లో ఒక తప్పు చేశాను. ఆదివారం పని లేదు కదా అని, ఎవరికీ చెప్పకుండా, తెల్లారగట్ల నడిచి రోడ్డెక్కి, బస్సు పట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామనే. అమ్మ పెసరట్టు వేసి పెడుతోంది. ఇంతలో వీధిలో గోల. చూస్తే మావయ్యగారి తమ్ముళ్ళు జీపుని డొంకదారిన తెచ్చి షెడ్డులో వదిలేసి, బాబాయిని ఇంటికి పట్టుకొచ్చారు. "మనిషి లేని బండి మాకొద్దు. మీ జీపు మీకు, మా సొమ్ము మాకు" అన్నారు. నేను పెసరట్టు చేత్తో పట్టుకునే లోపలినుంచి వచ్చాను. నన్ను చూసి వాళ్ళే తెల్లబోయారు. నేను పారిపోయానని ఊరంతా తిరిగారట. పారిపోయినవాడు ఇంట్లో కూర్చుని పెసరట్టు తింటాడని వాళ్ళకి తోచలేదు.

బేరం చెడకుండా బాబాయి ఎలాగో సర్దాడు. వాళ్ళతో పాటే అదే జీపులో నన్ను వెనక్కి పంపాడు. ఎక్కేముందు నా పక్కకి వచ్చి, "ఏడాది అయ్యేదాకా ఈ గుమ్మం ఎక్కకు. నువ్వు కనపడ్డావంటే బండి తిరిగొచ్చిందన్నమాటే" అన్నాడు. అమ్మ లోపలినుంచి, "ఇంకోటి వేశాను, తిని వెళ్ళమనండి" అంటోంది.

మావయ్యగారు మాత్రం నన్ను ఏమీ అనలేదు. "చెప్పి వెళ్ళవోయ్, చెప్తే వద్దంటానా?" అన్నాడు. నిజమే, అనేవాడు కాదు. కానీ ఆ తర్వాత నేను అడగలేదు. బాబాయి గుమ్మం ఎక్కొద్దన్నాడు. ఆ గుమ్మం లోపలే అమ్మ ఉంది. ఇక అడిగి వెళ్ళేది ఎక్కడికి?

నందిగామ సంతకి వెళ్ళే వాళ్ళ ద్వారా కబుర్లు వచ్చేవి. అమ్మ బాగానే ఉంది. అమ్మ నిన్ను అడిగింది. ఒక్క నాలుగు రోజులు పంపమని బాబాయిని అడిగిందట, ఆయన చూద్దామన్నాడట. ఆ చూద్దాం సంగతి నాకు తెలుసు. కోపం రావాలి. మొదట్లో వచ్చింది కూడా. కళ్ళంలో కాయని పారతో తిరగేస్తూ బాబాయిని మనసులో నానా మాటలు అన్నాను. తర్వాత అదీ పోయింది. పొద్దున లేచేవాణ్ణి, జీపు తీసేవాణ్ణి, తినేవాణ్ణి, పడుకునేవాణ్ణి. ఎవరైనా జోకు వేస్తే నవ్వేవాణ్ణి, అందరికన్నా కాస్త ఆలస్యంగా. మావయ్యగారి భార్య ఒకసారి నా మొహంలోకి చూసి, "ఏవయ్యా, లోపల ఉన్నావా?" అంది. ఉన్నానండి అన్నాను.

ఏడాది దగ్గరపడుతుండగా కబురు వచ్చింది. నందిగామలో ఎరువుల కొట్టుకి ఫోను వస్తే, కొట్టతను సైకిలు మీద మనిషిని పంపాడు. అతను కళ్ళంలో దిగి, రొప్పుతూ, "మీ అమ్మగారికి పక్షవాతం వచ్చిందంట. జగ్గయ్యపేట ఆసుపత్రిలో ఉన్నారంట. ఉన్నపళాన రమ్మన్నారు" అన్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది. నేను పార పక్కన పెట్టాను. చేతులు కడుక్కోవాలి అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

మావయ్యగారే కదిలాడు. "ఎక్కు" అన్నాడు.

"జీపు రోడ్డెక్కకూడదు కదండీ."

"బస్టాండు దాకానేలే, ఎక్కు."

నందిగామ బస్టాండులో హైదరాబాదు వైపు బస్సు లేదు. వచ్చిన ఒక్కటీ కిక్కిరిసి ఉండి ఆగకుండా పోయింది. మావయ్యగారు అటూ ఇటూ చూశాడు. నా మొహం కూడా చూశాడనుకుంటాను. "పోనివ్వు, పేట దాకా పోనివ్వు" అన్నాడు. కాగితాలు లేని ఆ జీపు పట్టపగలు పెద్ద రోడ్డు మీద పరిగెత్తడం అదే మొదటిసారి. నాకు భయం వెయ్యలేదు. ఎదురొచ్చే లారీలని చూస్తూ, వీటన్నిటికీ కాగితాలు ఉంటాయి కాబోలు అనుకున్నాను.

చిల్లకల్లు దగ్గర ఆపారు. ఎవరో మంత్రిగారు ఆ దారిన వస్తున్నారని పోలీసులు ప్రతి బండినీ చూస్తున్నారు. హెడ్డు కానిస్టేబులు మట్టి మెత్తిన నంబరు పలకని బూటుతో తన్నాడు. పెళ్ళ ఊడిపడింది. సి బుక్కు చూపించమన్నాడు. లేదన్నాను.

"బండి ఎవరిదిరా?"

అక్కడినుంచి పేట కనుచూపు మేరలోనే ఉంది. పక్కన కూర్చున్న ఈయనదండీ, నేను డ్రైవరునండీ అంటే నన్ను దింపి పొమ్మంటారు. వచ్చిన లారీ ఏదో ఎక్కి వెళ్ళిపోతాను. అది నాకు తెలుసు. తెలిసి ఆలోచించి త్యాగం చేశానని ఇప్పుడు రాసుకోవచ్చు. చదివేవాళ్ళు నమ్ముతారు కూడా. కానీ అలా జరగలేదు. ఏడాదిగా నోట్లో నానుతున్న మాట, అడగగానే వచ్చేసింది.

"నాదేనండి."

మావయ్యగారు నోరు తెరిచాడు. హెడ్డు ఆయన వైపు తిరిగి, "నువ్వెవరు?" అన్నాడు.

"దారిలో ఎక్కించుకున్నానండి. పెద్దాయన, బస్సు దొరక్క నిలబడ్డాడు" అన్నాను నేను. అది కూడా ఆ పాఠంలో భాగమే.

"అమ్మకి బాగాలేదండీ, ఆసుపత్రికి వెళ్ళాలి" అని కూడా అన్నాను. అందరూ చెప్పే మాట అదేనన్నాడు హెడ్డు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ రోడ్డు మీద ఆగిన బండ్లలోని వాళ్ళలో సగంమందికి ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు.

నన్ను రోడ్డు పక్కనే ఉన్న స్టేషను గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. మావయ్యగారు జీపు దిగి, కండువా దులుపుకునే వంకతో కిటికీ దగ్గరికి వచ్చాడు. "నేను ముందెళ్తా అల్లుడూ. నువ్వొస్తున్నావని చెల్లెమ్మకి చెప్తా" అన్నాడు మెల్లగా. తర్వాత రోడ్డు మీదికి వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టి, సున్నపురాయి లోడుతో వెళ్తున్న లారీ ఎక్కాడు. సాయంత్రం ఎస్సై వచ్చి ఒక కాగితం రాయించాడు. ఫలానావాడికి చెందిన జీపు, అంటూ నా పేరు, మా నాన్న పేరు రాసి సంతకం పెట్టమన్నాడు. ఆ జీపుకి సంబంధించి నేను చూసిన మొదటి కాగితం అదే.

పొద్దున్నే బాబాయి వచ్చాడు, వెనకే మావయ్యగారు. ఇద్దరూ రాత్రి నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. బాబాయి లోపలికి వెళ్ళి మాట్లాడి నన్ను విడిపించాడు. బయటికి వచ్చాక, "అమ్మ తెల్లవారుజామున పోయిందిరా" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటున్నాను. రెండోది కూడా వేసుకున్నాను.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నేనే తలకొరివి పెట్టాను. ఎవరెవరో నన్ను పట్టుకుని ఏడ్చారు, వాళ్ళ వీపులు నిమిరాను. శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అరుగు మీద బాబాయి గొంతు వినపడింది. మావయ్యగారితో అంటున్నాడు: "బండి రోడ్డెక్కించింది మీరు. మాట తప్పింది మీరు. జీపు పోతే నా పూచీ లేదు." చితి ఇంకా ఆరలేదు. బాబాయిని కొట్టాలని నాకు అనిపించి ఉండాల్సింది. అరుగు పక్కనుంచే నడిచి లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

జీపు స్టేషను వెనకాలే ఉండిపోయింది. చాలాకాలం అటు వెళ్ళినప్పుడల్లా కనపడేది. ముందు టైర్లు పోయాయి, తర్వాత సీట్లు. నేను కొన్నాళ్ళు కోర్టుకి తిరిగాను, జరిమానాతో వదిలారు. ఆ జీపు నాదని ఎనభైల్లో కూడా ఎవరూ రాలేదు.

పెద్దకర్మ రోజు మావయ్యగారు వచ్చాడు. భోజనం చేసి, బస్సు వేళకి లేచాడు. నేను గుండుతో, కొత్త పంచెతో ఆయన వెంట రోడ్డు దాకా వెళ్ళాను. వేపచెట్టు నీడన నిలబడ్డాం. ఆయన ఏదో చెప్పాలని గొంతు సవరించుకుంటున్నాడు. చివరికి రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆ సాయంత్రం నేనెళ్ళేసరికి చెల్లెమ్మకి తెలివుంది అల్లుడూ. మాట ముద్దముద్దగా వస్తోంది, కళ్ళు మూసుకునే ఉంది. నువ్వొస్తున్నావని చెబ్దామని మంచం పక్కన కూర్చున్నా. మంచం మీద చెయ్యేశా. నా చెయ్యి పట్టేసుకుంది."

నేను వింటున్నాను.

"వచ్చావా అంది. నేను కాదమ్మా అని చెప్పాలి. నోరు రాలా. వచ్చానమ్మా అన్నా."

"గొంతు పోల్చుకోలేదాండీ?"

"గుసగుసగా అన్నాలే. వేళ్ళు తడిమింది. మిరపకాయల్లో చెయ్యి ఇట్టా అయిపోయిందా నాయనా అంది. ఊఁ అన్నా. అన్నం తిన్నావా అంది. తిన్నానన్నా." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాలుగు రోజులుండి వెళ్ళు, వాళ్ళేవీ అనుకోరులే అంది. నన్నే, వాళ్ళు అంది."

"మీరేమన్నారు?"

"ఉంటానమ్మా అన్నా. ఉన్నా మరి. తెల్లారగట్ల దాకా చెయ్యి తియ్యలా. మీ బాబాయి వచ్చి లెమ్మంటే అప్పుడు లేచా."

నందిగామ బస్సు దూరంగా కనపడింది. ఆయన సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ చెయ్యండీ?" అని అడిగాను.

ఆయన సంచి ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి చాపాడు. పట్టుకున్నాను. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆయన ఇంకో బస్సుకి ఆగాడు.